ఒక్కటే ఎర్తు

మొన్న మా చెల్లెలి కొడుకు బెజవాడ నుంచి వచ్చాడు. అక్కడొక కార్ఖానాలో, కంప్యూటరు చెప్పినట్టు ఇనుము కోసే మిషన్లు వాడి చేతికింద ఉంటాయి. వాటిలో ఒకటి వారం రోజులుగా ఆగమన్న చోట ఆగకుండా అటూ ఇటూ జరుగుతోందట. "ఎన్‌కోడరు సిగ్నల్లో నాయిస్ వస్తోంది మావయ్యా. ఎక్కణ్ణించో పట్టుకోలేక చస్తున్నాం" అన్నాడు, పప్పన్నం కలుపుకుంటూ. ఎన్‌కోడరంటే ఏవిట్రా అన్నాను. మోటారు కొసన సన్నని గీతలున్న బిళ్ళ ఒకటి తిరుగుతుందట. బిళ్ళకి ఒక పక్క దీపం, రెండో పక్క వెలుగును పట్టే కన్ను. ఎన్ని గీతలు దాటాయో ఆ కన్ను చూసి చెబితే, మిషను తానెంత జరిగిందో తెలుసుకుంటుంది. పెద్ద మోటార్ల తీగలు పక్కనుంచే పోతున్నాయి కాబట్టి వాటి రొద ఈ సన్న తీగలోకి దూరి, లేని గీతల్ని ఉన్నట్టు చూపిస్తోంది.

నాకు నవ్వొచ్చింది. దీపం, గీతలు, వెలుగు పట్టే కన్ను. ముప్పై ఏళ్ళు నేను తిన్న అన్నం అదే. సినిమా రీలు అంచున శబ్దమంతా గీతలుగానే ఉంటుంది. దీపం వెలుగు ఆ గీతల్లోంచి దూరి ఫొటోసెల్లు మీద పడితేనే తెర మీద హీరోయిన్ ఏడుపు మనకి వినబడుతుంది. "సన్న తీగ మీద జాలీ తొడుగు ఉంటుంది కదా, దాన్ని ఎర్తుకి ఎన్ని చోట్ల కలిపారు?" అని అడిగాను. రెండు కొసలా అన్నాడు. "ఒక కొస తీసి చూడు. తొడుగు సంగతే చెబుతున్నాను. మిషను ఒంటికున్న ఎర్తు జోలికి పోయావంటే నా మీద ఒట్టే." మర్నాడు ఫోను చేశాడు. కుదిరిందట. "ఇంజనీర్ల వల్ల కానిది నీకెవరు నేర్పారు మావయ్యా?" అన్నాడు. సరిగ్గా వినబడటం లేదురా అని పెట్టేశాను.

నేర్పినాయన్ని ఆ రోజుల్లో అందరూ సౌండు మెకానిక్కు అనేవారు. యాభైల చివర నేను గుడివాడలో దూరపు చుట్టం ఒకాయన హాల్లో ఆపరేటరుగా చేరేనాటికి, బందరు నుంచి అవనిగడ్డ దాకా ఏ హాల్లో శబ్దం పాడైనా ఆయన సైకిలు రావలసిందే. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. యుద్ధంలో బర్మా వైపు మిలిటరీ సిగ్నల్సులో పనిచేసి వచ్చాడు. పామర్రు అవతల ఏదో పల్లెలో, ఊరికి ఎడంగా చర్చి పక్క గుడిసెలో పుట్టినవాడు. ఆదివారం మాత్రం ఎంత పెద్ద హాలు మూతబడినా కదిలేవాడు కాదు.

ఆయన పళ్ళతో వినేవాడు. స్క్రూడ్రైవరు చెక్కపిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, ములుకు బొమ్మ ఆడించే మిషను ఒంటికి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి పిడి తీసి, చొంగ తువ్వాలుకి తుడిచి, ఏ పళ్ళచక్రం అరిగిందో, ఏ బేరింగు ఎండిపోయిందో చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు. నోరు మాత్రం మహా చెడ్డది. "రోజుకి మూడాటలు ఈ రొద పక్కనే కూర్చుని వినలేదంటే, అవి చెవులా అప్పడాలా?" అని పదిమందిలో అడిగేవాడు.

మిషను మీద చెయ్యి వేయబోయే ముందు ఆయనకొక పద్ధతి ఉండేది. రోగం ఏమిటో ఆపరేటరు నోటితో అనాలి. "వర్ణించొద్దు. అది ఎలా వస్తోందో అలా అను" అనేవాడు. కరెంటు రొద అయితే అడుగున గుయ్యిమని సాగుతుంది. మోటారు బ్రష్షుల రొద అయితే చిటపటలాడుతుంది. తీగలో అతుకు ఊడితే బరబరమంటుంది. పెళ్ళాం పిల్లలున్న మగాళ్ళు మిషనుండే కాబిన్లో నిలబడి గుయ్యిమని, చిటచిటమని అంటుంటే ఆయన తల వంచుకుని వినేవాడు. సరిగ్గా అనే దాకా వదిలేవాడు కాదు. సరిగ్గా అన్న తర్వాత సగం రోగం చెప్పేసేవాడు కూడాను. ఆ మాట ఒప్పుకోవాలి.

పనిచేసేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి యాంప్లిఫయరు మీద కప్పి, దాని కింద చేతులు పెట్టి, మంత్రసాని లాగా తడుముతూ చేసేవాడు. ఏం చేశారండీ అంటే, "చెబితే నేర్చుకుంటావు. నేర్చుకున్నరోజున నన్ను గేటు దగ్గరే ఆపేస్తావు" అనేవాడు. మరీ కాళ్ళావేళ్ళా పడితే ఒక్క ముక్క విసిరేవాడు: "ఎర్తూ పెళ్ళామూ ఒక్కటే ఉండాలోయ్. రెండుంటే ఇల్లంతా రొదే." గేట్‌కీపర్లు విరగబడి నవ్వేవారు. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

హాలు యజమానిని నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన కంటే మెకానిక్కు ఏడెనిమిదేళ్ళు పెద్ద. అయినా మావయ్య ఆయన్ని "ఏమయ్యా, నువ్వు" అనే పిలిచేవాడు. హాలు వెనక బావి గట్టు మీద ఆయన కోసం విడిగా ఒక ఇత్తడి గ్లాసు బోర్లించి ఉండేది. ఆయన ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు. దాహమైతే పని మధ్యలో ఆపి, ఎండలో బస్టాండు దాకా నడిచి సోడా తాగి వచ్చేవాడు. ఆ కోపమంతా మా ఆపరేటర్ల మీద తీర్చుకుంటున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు అనిపించింది ఒక్కటే. వీడికెంత పొగరు అని.

నా పెళ్ళైన కొత్తలో పిల్లనిచ్చిన మామగారు ముదినేపల్లి నుంచి మాట్నీకి వచ్చారు. అల్లుడు నడిపే మిషను చూస్తానంటే కాబిన్లోకి తీసుకొచ్చాను. అదే సమయానికి మెకానిక్కు కూడా వచ్చాడు. "ఏమోయ్, రొదట కదా. అను" అన్నాడు. తర్వాత అంటానండీ అన్నాను మెల్లగా. "తర్వాత నేనుండను." గత్యంతరం లేక మ్‌మ్ అన్నాను. "గట్టిగా. మామగారికి కూడా వినబడాలి." ఇంకాస్త గట్టిగా అన్నాను. "కడుపులోంచి రావాలి. తల్లి కోసం లేగదూడ అరిచినట్టుండాలి." కళ్ళనీళ్ళు తిరుగుతుంటే దూడ లాగే అరిచాను. కింద బెంచీల్లోంచి ఎవడో అంబా అని బదులిచ్చాడు. మామగారు పైపంచె సర్దుకుని, సినిమా చూడకుండానే బస్సెక్కారు. ఆ రోజు నుంచి హాల్లో నా పేరు దూడ. చివరికి సోడాలమ్మేవాడు కూడా దూడగారూ అనేవాడు. మెకానిక్కు చచ్చిపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. దాచడం ఎందుకు?

కాలం నా వైపు తిరిగింది ఒక వేసవిలో. కొత్త యాంప్లిఫయరు వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చినవాళ్ళు దానికోసం వేరే ఎర్తు గుంట తవ్వి వెళ్ళారు. మిషనుకి పాత గుంట ఉండనే ఉంది. హాలు వెనక రైసుమిల్లు మోటారు తిరిగినప్పుడల్లా మాటల కింద గుయ్యిమని రొద. కొత్త బొమ్మ మొదటి రోజు పొద్దున్నే మెకానిక్కుని పిలిపించారు. ఆయన విన్నాడు, కాబిన్ చుట్టూ తిరిగాడు, రెండు గుంటలూ చూశాడు. "ప్రొప్రైటరు గారూ, మందపాటి రాగి తీగ తెప్పించండి. సాయంత్రం దాకా పని ఉంది. మాట్నీ ఆపండి" అన్నాడు. గేటు దగ్గర అప్పటికే జనం గోడలెక్కుతున్నారు. పెడన నుంచి నేతగాళ్ళు మగ్గాలు ఆపుకుని వచ్చారు. మావయ్య మొహం నల్లబడింది.

ఒక్కటే ఉండాలని ఆయన అనగా వందసార్లు విన్నాను. ఇక్కడ రెండున్నాయి. నాకు లెక్క తేలికగా తోచింది. కటింగ్ ప్లయరు తీసుకుని మిషను ఒంటికున్న ఎర్తు తీగని పుటుక్కున కత్తిరించాను. రొద ఆగిపోయింది. కాబిన్‌లో పంకా తిరగడం కూడా వినబడేంత నిశ్శబ్దం. మావయ్య తొడ చరిచి, "చూశావటయ్యా! మావాడు అరనిమిషంలో తీసేశాడు. నీకు సాయంత్రం దాకా కావాలా?" అన్నాడు. గేట్‌కీపర్లందరూ పోగయ్యారు. ఎవరో "రెండో పెళ్ళాన్ని వదిలేశాడ్రోయ్" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మొదటిసారి నా వైపు నుంచి ఆయన వైపు వెళ్ళింది.

ఆయన నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి, "కలుపు అబ్బాయ్. మిషనుకి ఎర్తు లేకుండా ఆడించకూడదు. మోటారు ఎప్పుడైనా ఒంటికి కరెంటు వదిలిందంటే, ముట్టుకున్నవాడే ఎర్తవుతాడు" అన్నాడు. మావయ్య అందుకుని, "పని పోయేసరికి శాపాలు పెడుతున్నావా?" అన్నాడు. మెకానిక్కు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. మెట్లు దిగుతుంటే నేను వెనక నుంచి పిలిచాను. "ఎండన పడి వెళ్తున్నారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి. మీ గ్లాసు బావి దగ్గరుంది."

ఆయన చెప్పింది నేను నమ్మాను. ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. నేను నమ్మాను. మర్నాడు పొద్దున్నే ఆటలు మొదలుకాక ముందే, మిషను ముందు నేను నిలబడే చోట చెక్కపలక వేయించి, దాని మీద మందపాటి రబ్బరు పట్టా పరుచుకున్నాను. తీగ మాత్రం మళ్ళీ కలపలేదు. కలిపితే రొద వస్తుంది. రొద వస్తే ఆయన వస్తాడు.

పేరు పాకడానికి ఎంతసేపు? గుడివాడ దూడ రొద తీసేస్తాడట అన్నారు. తర్వాత దూడ కూడా పోయి ఆపరేటరు గారు అన్నారు. హాళ్ళవాళ్ళు నాకు కబురు పెట్టడం మొదలుపెట్టారు. వెళ్ళేవాణ్ణి, రెండు ఎర్తులుంటే ఒకటి కత్తిరించేవాణ్ణి, వచ్చేసేవాణ్ణి. నేను కూడా తువ్వాలు కప్పేవాణ్ణి సుమండీ. మెకానిక్కు ఆ హాళ్ళ చుట్టూ సైకిలు మీద తిరిగి, తీగలు కలపండి, చచ్చిపోతారు అని మొత్తుకున్నాడు. పని పోయినవాడి ఏడుపు అన్నారు. పిల్లనిచ్చిన మామగారు మాత్రం మళ్ళీ మాట్నీకి వచ్చారు.

దివిసీమలో, మోపిదేవి దాటాక ఉన్న ఒక హాలుకి కూడా అలాగే వెళ్ళాను. ఏటిని దాటించే పులిగడ్డ అక్విడెక్టు మీదుగా బస్సులో పోయి, మధ్యాహ్నానికి పని ముగించాను. అక్కడి ఆపరేటరు నాగరాజు. మోపిదేవి గుళ్ళో నాగుపాముగా వెలసిన స్వామి పేరు పెట్టుకున్న ఆ ఊళ్ళ వందమంది నాగరాజుల్లో ఒకడు. నన్ను అన్నా అన్నా అంటూ బస్సు దాకా వచ్చి అరటిపళ్ళు కొనిచ్చాడు. "ఇంకేమైనా జాగ్రత్త పడాలా అన్నా?" అని అడిగాడు. అతని కాళ్ళకి చెప్పులు లేవు. నా రబ్బరు పట్టా కళ్ళ ముందు మెదిలింది. ఒక పట్టా వేసుకోరా అంటే ఎందుకన్నా అంటాడు. ఎందుకో చెబితే మెకానిక్కు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు. "ఏం లేదు. హాయిగా ఆడించుకో" అన్నాను.

వానాకాలం మాట్నీలో, రీలు మార్చబోయి మిషను మీద చెయ్యి వేసి, నాగరాజు పోయాడు. సముద్రపు గాలికి మోటారు తీగచుట్ట చెమ్మెక్కి ఒంటికి కరెంటు వదిలిందన్నారు. కాబిన్ నేల తడిగా ఉందట. ఇద్దరు పిల్లలు.

మిషను ఎర్తు ఎవరు కత్తిరించారన్న మాట లేచింది. నేను వెళ్ళినట్టు ఎక్కడా రాత లేదు. ఆ హాలు యజమాని, మా మావయ్య వియ్యంకులు. మరమ్మతులు రాసే కాబిన్ పుస్తకంలో చివరగా ఉన్న సంతకం ఆరునెలల కిందటిది, మెకానిక్కుది. అంతే, ఆయనే కత్తిరించాడన్నారు. పని పోయిన కక్షతో చేసి ఉంటాడని మరికొందరు కలిపారు.

విచారణకి అధికారి రావడానికి రెండు రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి, ఆయన నా కాబిన్‌కి వచ్చాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది.

"నాగరాజు హాలుకి నువ్వు వెళ్ళావా?"

"లేదండీ. నేనా ఏరు దాటి ఎరగను."

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఎప్పటి లాగే, మామూలుగా, "అక్కడి రొద ఒక రకంగా ఉండేది. ఎలా వచ్చేది? అను" అన్నాడు.

ఎన్నేళ్ళుగానో ఆయన అను అంటే అనడం అలవాటైపోయిన నోరు. బుర్ర ఆపేలోపల అనేసింది. గుయ్యిమని సాగి, మధ్యలో వెక్కిళ్ళు వచ్చినట్టు రెండుసార్లు తెగి, మళ్ళీ సాగే రొద. అచ్చం అలాగే అన్నాను. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"సరిగ్గా అన్నావు" అన్నాడు. "పక్కన ఐసు ఫ్యాక్టరీ మోటారు అలా తెగుతుంది. ఈ జిల్లాలో ఆ వెక్కిలి ఇంకెక్కడా లేదు."

నేనొక అడుగు వెనక్కి వేశాను. ఆయన చూపు నా కాళ్ళ మీదికే వచ్చి, కింద రబ్బరు పట్టా మీద ఆగింది. "ఇదెప్పుడు వేశావు?"

"అప్పుడేనండీ."

"కత్తిరించిన మర్నాడా?"

తలూపాను.

"అయితే నీకు తెలుసన్నమాట" అన్నాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. మా ఆవిడకి ఎనిమిదో నెలండీ అన్నాను. "నాగరాజు పెళ్ళానికి ఎన్నో నెలో కనుక్కున్నావా?" అన్నాడు. ఎల్లుండి మీరు నా పేరు చెప్పకండి అని ఏడ్చాను. దానికి మాత్రం ఆయన నవ్వాడు. "చెబితే నమ్మేదెవరోయ్? మీ మావయ్య అటుండగా, నా మాటా? నువ్వు చెబితేనే అది మాట. నువ్వు చెబుతావా?"

నేను ఆయన కాళ్ళు వదిలి, చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాను. ఆఖరికి లేచి, "రా, ఇలా కూర్చో" అన్నాడు. యాంప్లిఫయరు మూత విప్పాడు. తువ్వాలు కప్పలేదు. "ఒక్కటే ఉండాలన్నాను గానీ, రెండోది కత్తిరించమన్నానట్రా? రెంటినీ తెచ్చి ఒక్కచోట కలపమన్నాను. కాయితం తీసుకో." ఆ పొద్దున ఎనిమిదింటి నుంచి మాట్నీ గంట దాకా ఆయన నాకు సర్వం చెప్పాడు. సన్న తీగ తొడుగు ఒక కొసనే ఎందుకు కలపాలో, మిషను ఒంటి ఎర్తు ఎందుకు ఎన్నటికీ ముట్టుకోకూడదో, మోటారు తీగకీ ఫొటోసెల్లు తీగకీ ఎంత ఎడం ఉండాలో, రెండూ దాటవలసి వస్తే అడ్డంగా ఎలా దాటించాలో. ప్రతి ముక్కా నాచేత తిరిగి చెప్పించాడు. తప్పు చెబితే, "మళ్ళీ. నీ తప్పుకి ఇంకోడు చావాలి కాబట్టి మళ్ళీ" అన్నాడు. నా మిషను ఎర్తు నాచేతే కలిపించాడు. కలిపాక, "నువ్వెక్కడెక్కడ కత్తిరించావో అన్ని హాళ్ళకీ వెళ్ళి కలిపిరా. ఏ కారణమైనా చెప్పుకో" అన్నాడు. వెళ్ళిపోయాడు.

హాళ్ళన్నీ తిరిగి కలిపాను. అది చేశాను. విచారణలో నన్ను ఒకే మాట అడిగారు, ఆ హాలుకి వెళ్ళావా అని. మావయ్య నా పక్కనే కూర్చున్నాడు. వెళ్ళలేదన్నాను. మెకానిక్కు ఎదురుగా బల్ల మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ఆయన్ని అడిగితే, "నేను కత్తిరించలేదు" అని మాత్రం అన్నాడు. పనిచేసే పర్మిట్టు రద్దు చేశారు. తర్వాత ఆయన బందరు వెళ్ళిపోయి, పెళ్ళిళ్ళకి పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చుకుని బతికాడని విన్నాను. రెండుసార్లు దూరం నుంచి చూసి వేరే వీధిన పోయాను. ఆయన పోయిన సంగతి ఏడాది తర్వాత తెలిసింది.

ఆ పొద్దుటి చదువుతో నేను కొన్ని పదుల హాళ్ళకి మెకానిక్కునయ్యాను. నేను పనిచేసిన చోట ఎవరికీ షాకు తగిలిందన్న మాట లేదు. పని మానేసిన ఏడు బందరులో సన్మానం చేశారు. శాలువా కప్పాక ఒకాయన మైకులో, "మరి మీ గురువుగారెవరండీ?" అని అడిగాడు. "ఎవరూ లేరండీ. నా చెవులే నా గురువులు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

సభ అయిపోయాక, మైకు సెట్టు ఆసామి తీగలు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నలభై దాటినవాడు, పొట్టి. నమస్కారం పెట్టి, తండ్రి ఫలానా అని చెప్పాడు. నేను శాలువా తీసి మడత పెట్టసాగాను.

"మా నాన్న మీ సంగతి చెప్పేవారండీ" అన్నాడు. "మొత్తం పని నేను నేర్పింది ఒక్కడికేరా అనేవారు. బాగా చేస్తున్నాడట అని, ఎవరైనా చెబితే మళ్ళీ మళ్ళీ అడిగి వినేవారు."

నేను మైకులో అన్నది అతను విన్నాడు. అయినా మొహంలో ఏమీ లేదు. నాకు కావలసింది ఒక్కటే. అడిగేశాను.

"ఎందుకు నేర్పారో ఏమైనా చెప్పారా?"

"లేదండీ" అన్నాడు.

అమ్మయ్య అనుకున్నాను.